గుట్ట మీద ఊరు, గుట్టలో బావి: ఓర్వియేటో గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు రైలులో వెళ్తుండగా, నిట్టనిలువుగా లేచిన రాతిగుట్ట మీద ఊరు ఊరంతా కూర్చుని ఉండటం చూశాను. దాని పేరు ఓర్వియేటో అని తోటి ప్రయాణికులు చెప్పారు. అంత ఎత్తున ఊరు ఎందుకు కట్టుకున్నారు? అది ఎంత పాతది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇటలీ నడిమధ్య ఉంబ్రియా ప్రాంతంలో, పాల్యా నదిలోయకు ఎగువన నిలిచిన ఆ గుట్ట, ఒకప్పటి అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద గట్టిపడి రాయిగా మారడం వల్ల ఏర్పడింది. ఆ రాతిని ఇటాలియన్లు తూఫో అంటారు. చుట్టూ అంచులు గోడలా తెగి ఉండటం వల్ల ఊరికి పుట్టుకతోనే కోట అమరింది. రాయి మెత్తనిది కావడం వల్ల పలుగుతో తొలిచి గదులు, నేలమాళిగలు, బావులు చేసుకోవడం సులువైంది. ఓర్వియేటో చరిత్రలో మంచైనా చెడైనా చాలామట్టుకు ఈ రెండు గుణాల నుంచే పుట్టింది.

రోమన్ల ప్రాబల్యానికి ముందు మధ్య ఇటలీలో వెలిగిన ఎట్రుస్కన్లకు ఇది ముఖ్య నగరాలలో ఒకటి. వారు దీనిని వెల్జ్నా అన్నారు, రోమన్లు వోల్సీనీ అన్నారు. గుట్ట పాదాన క్రీ.పూ. 6వ శతాబ్ది నాటి శ్మశానవాటిక ఉంది. వీధులు తీర్చినట్లు వరుసగా కట్టిన రాతి సమాధిగదుల గుమ్మాల మీద అందులో నిద్రించే కుటుంబాల పేర్లు చెక్కి ఉన్నాయి. మన వీధుల్లో గేటు పక్కన కనిపించే పేరు పలకలకు ఇవి పూర్వీకుల్లాంటివి అనిపిస్తుంది.

ఆ నగరంలో స్వేచ్ఛ పొందిన బానిసలు అధికారాన్ని చేజిక్కించుకోగా, పదవులు పోయిన పెద్ద కుటుంబాలవారు రోమ్ సాయం కోరారు. సాయానికి వచ్చిన సైన్యం క్రీ.పూ. 264లో ఊరినే నాశనం చేసి, మిగిలిన జనాన్ని బోల్సేనా సరస్సు ఒడ్డుకు తరలించింది. అక్కడి రెండు వేల విగ్రహాల కోసమే రోమన్లు ఈ దాడి చేశారని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ఒకరు నిందించినట్లు రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. తర్వాతి శతాబ్దాల్లో జనం మళ్లీ గుట్ట ఎక్కినప్పుడు దానికి లాటిన్‌లో ‘ఉర్బ్స్ వేటుస్’ అన్న పేరు స్థిరపడింది. పాత నగరం అని దాని అర్థం. మన పల్లెల్లో ఎన్నో పాతూళ్లు ఉన్నట్లే అదీ ఒక పాతూరు. నోట నలిగి నలిగి అదే ఓర్వియేటో అయింది.

ప్రశ్న: అక్కడ ఒక బావిలోకి గాడిదలు ఒక వైపు నుంచి దిగి, వచ్చేవాటికి ఎదురుపడకుండా మరో వైపు నుంచి పైకి వచ్చేవని విన్నాను. అది ఎలా సాధ్యం? దానిని పోప్ తవ్వించారనడం నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రెండూ నిజమే. 1527 మే 6న, జీతాలు అందక కడుపు మండి ఉన్న ఐదవ చార్లెస్ చక్రవర్తి సైన్యం రోమ్ మీద పడి నగరాన్ని దోచుకుంది. పోప్ ఏడవ క్లెమెంట్ సాంత్ ఆంజెలో కోటలో నెలల తరబడి చిక్కుకుపోయి, డిసెంబరులో అక్కడి నుంచి బయటపడి ఓర్వియేటో చేరుకున్నారు. శత్రువు ఎక్కడానికి వీల్లేని ఆ గుట్ట ముట్టడికి తట్టుకోగలదు గాని, గుట్ట మీద నీళ్లు లేకపోతే ఎంతటి కోటయినా నాలుగు వారాల్లో తలవంచక తప్పదు. ఈ సంగతిని అనుభవం మీద గ్రహించిన పోప్, బావి పనిని చిన్న ఆంటోనియో దా సంగాల్లో అనే వాస్తుశిల్పికి అప్పగించారు.

బావి లోతు సుమారు 53 మీటర్లు, వెడల్పు సుమారు 13 మీటర్లు. అంత లోతు నుంచి ఊరికి సరిపడా నీరు చేదతో తోడటం అయ్యే పని కాదు గనుక, నీళ్లు మోసే జంతువులనే అడుగుదాకా పంపాలని సంగాల్లో నిర్ణయించాడు. నడుమ ఒక గుండ్రని గొట్టం లాంటి ఖాళీని వదిలి, దాని చుట్టూ రెండు మెట్ల దారులను ఒకదాని మీద ఒకటి మెలికలు తిరిగేలా, రెండు పాములు ఒకే కర్రను చుట్టుకున్నట్లు అమర్చాడు. వాటి ద్వారాలు వేరు, దారులు ఎక్కడా కలవవు. కంచరగాడిద ఒక దారిన దిగి, అడుగున నీటి మీద వేసిన చిన్న వంతెన దాటి, నీళ్లతో రెండో దారిన పైకి వస్తుంది. ఒక్కో దారిలో 248 మెట్లున్నాయి. జంతువు కాలు తడబడకుండా మెట్లను వెడల్పుగా, తక్కువ ఎత్తుతో కట్టారు. నడిమి ఖాళీ వైపు తెరిచిన 70 కిటికీల గుండా పైనుంచి పడే వెలుతురే దారి చూపుతుంది. పై భాగాన్ని తూఫో రాతిలోనే తొలిచారు. కింద బంకమన్ను తగలడంతో అక్కడి నుంచి ఇటుక కట్టు కట్టవలసి వచ్చింది. యంత్రాలు లేని కాలంలో, ఇరుకుదారిలో జంతువుల రద్దీని ఇంత తేలికగా పరిష్కరించిన కట్టడం అరుదు. నాకైతే ఆ ఊళ్లో ప్రధాన చర్చి కంటే ఇదే గొప్పది.

1534లో క్లెమెంట్ మరణించే నాటికి పని ముగియలేదు. తర్వాతి పోప్ మూడవ పాల్ హయాంలో, 1537లో పూర్తయింది. ప్రకృతి ఇవ్వని రక్షణను మానవ శ్రమ సమకూర్చిందన్న భావంతో అక్కడ ఒక లాటిన్ శాసనం ఉంది. మొదట దీనిని కోట బావి అనేవారు. ఐర్లాండులో పుర్గేటరీకి, అంటే చనిపోయినవారి ఆత్మలు పాపాలు కడుక్కునే చోటికి, దారితీస్తుందని నమ్మిన గుహ పేరు మీదుగా తర్వాత సెయింట్ పాట్రిక్ బావి అన్నారు. ఎంతకీ తరగని దానికి గాని, మనం చిల్లుకుండ అన్నట్లు ఎంత పోసినా నిండని దానికి గాని ఇటాలియన్లు ఇప్పటికీ ఆ పేరే వాడతారు.

పోప్ ఇక్కడ తలదాచుకున్న రోజుల్లోనే, 1528లో, ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీ తన వివాహాన్ని రద్దు చేయించుకోవడానికి దూతలను ఓర్వియేటోకు పంపాడు. ఇంగ్లాండు చర్చి రోమ్ నుంచి విడిపోవడానికి దారితీసిన బేరసారాలు కొన్ని ఈ గుట్ట మీదే సాగాయి.

ప్రశ్న: ఓర్వియేటోలోని ప్రధాన చర్చిని రక్తం కారిన రొట్టె మహిమకు గుర్తుగా కట్టారంటారు. ఇందులో చరిత్ర ఎంత?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కథ ఇది. 1263లో బోహీమియా నుంచి వచ్చిన ఒక పూజారి, రొట్టె నిజంగా క్రీస్తు శరీరంగా మారుతుందా అన్న సందేహంతో బోల్సేనాలో పూజ చేస్తుండగా, చేతిలోని రొట్టె నుంచి రక్తం కారి పీఠం మీది వస్త్రాన్ని తడిపిందట. ఆ వస్త్రాన్ని అప్పుడు ఓర్వియేటోలో ఉన్న పోప్ నాలుగవ అర్బన్ వద్దకు తెచ్చారట. మరుసటి ఏడాది, 1264లో, క్రీస్తు శరీరాన్ని కొలిచే కోర్పుస్ క్రిస్టీ పండుగను ఆయన క్రైస్తవ లోకమంతటా జరపాలని ఆజ్ఞ ఇచ్చిన మాట చారిత్రక సత్యం. అయితే ఆ ఆజ్ఞాపత్రంలో బోల్సేనా మహిమ ప్రస్తావన లేదు. అందువల్ల ఆజ్ఞకు మహిమే కారణమని గట్టిగా చెప్పడం కష్టం. వస్త్రం మాత్రం నేటికీ చర్చిలో భద్రంగా ఉంది, ఏటా ఆ పండుగనాడు ఊరేగుతుంది.

చర్చి నిర్మాణం 1290లో మొదలైంది. 1310 నుంచి పని నడిపించిన సియెనా శిల్పి లొరెంజో మైతానీ ముఖభాగానికి ఇప్పటి రూపమిచ్చాడు. తెల్లని ట్రావెర్టైన్, నల్లని బసాల్ట్ పట్టీలు ఒకటి విడిచి ఒకటి పేర్చిన పక్కగోడలు దూరానికి చారల బట్టలా కనిపిస్తాయి. ముఖభాగం కింది స్తంభాల మీద సృష్టి మొదలు తుది తీర్పు దాకా చెక్కిన శిల్పాలను తీరిగ్గా చూడవలసిందే. పైనున్న మెరిసే మొజాయిక్‌లు చాలావరకు తర్వాతి మరమ్మతుల్లో మార్చినవి కాబట్టి వాటికి అంత సమయం కేటాయించనక్కర లేదు.

లోపల శాన్ బ్రిజియో చాపెల్ అనే చిన్న ప్రార్థనా మందిరం ఉంది. అక్కడ 1447లో ఫ్రా ఆంజెలికో మొదలుపెట్టి విడిచిన కుడ్యచిత్రాలను 1499 నుంచి 1504 వరకు లూకా సిన్యొరెల్లి పూర్తి చేశాడు. అస్థిపంజరాలు నేలను చీల్చుకుని లేచి కండ తొడుక్కునే దృశ్యం చూసినవారు, మైకెలాంజెలో ఈ చిత్రాలను మెచ్చుకున్నాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి అన్న మాటను సులువుగా నమ్ముతారు. మరో చిత్రంలో ఓ మూల నల్లదుస్తులతో మనవైపు చూస్తూ నిలబడినవాడు సిన్యొరెల్లియే, పక్కన ఉన్నది ఆంజెలికో.

ప్రశ్న: గుట్ట లోపలంతా డొల్లేనట కదా. ఊరు కుంగిపోదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎట్రుస్కన్ల కాలం నుంచి తొలుస్తూ వచ్చిన గదులు, సొరంగాలు, బావులు అన్నీ కలిపి సుమారు 1,200 దాకా ఉన్నాయి. నూనె గానుగలు, ద్రాక్షసారాయి నిల్వ చేసే చల్లని మాళిగలు, గోడ నిండా చదరపు గూళ్లు తొలిచిన పావురాల గదులు వాటిలో ఉన్నాయి. పావురాలను పెంచింది మాంసం కోసం. అవి తిండి వెతుక్కోవడానికి బయటికి ఎగిరి సాయంత్రానికి గూటికి చేరతాయి కాబట్టి, ముట్టడి కాలంలో మేత ఖర్చు లేని ఆహారం అవే.

మీ భయంలో అర్థం లేకపోలేదు. అసలు ప్రమాదం మాత్రం ఎక్కువగా అంచుల్లో ఉంది. మెత్తని రాయి కింద బంకమన్ను పొర ఉండటంతో, నీరు చేరినప్పుడల్లా అంచులు విరిగిపడేవి. ఇటలీ పార్లమెంటు 1978లో ఓర్వియేటో గుట్టను, ఉంబ్రియాలోనే ఉన్న తోదీ ఊరి గుట్టను పటిష్ఠం చేయడానికి ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

ప్రశ్న: స్టేషన్ కిందనే ఉంది కదా, పైకి ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్టేషన్ ఎదుటి నుంచే తాడుతో లాగే రైలు ఉంది. 1888లో ప్రారంభమైనప్పుడు అది నీటి బరువుతో నడిచేది. పైనున్న పెట్టెలో నీళ్లు నింపితే ఆ బరువుకు అది దిగుతూ కింది పెట్టెను పైకి లాగేది. నీటి కోసం అంత తాపత్రయపడ్డ ఊరు నీటితోనే మనుషులను మోయించిందన్నమాట. 1970లో ఆగిపోయిన ఆ రైలును 1990లో విద్యుత్తుతో మళ్లీ నడిపించారు. దిగిన చోటి నుంచి సెయింట్ పాట్రిక్ బావి నాలుగడుగులే. దిగిన 248 మెట్లకు సరిగ్గా మరో 248 ఎక్కవలసి ఉంటుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్నవారు పైనుంచి తొంగిచూసి చర్చి వైపు నడవడం మేలు.