ఎవరికి పడదు, ఏది పడదు?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. మా అత్తయ్య గారికి 58 ఏళ్ళు, కుడి కాలికి బోదకాలు. ఏడాదికి మూడు నాలుగు సార్లు చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రగా కందిపోయి మంచం దిగలేకపోతారు. పట్నంలో డాక్టరు గారు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. అత్తయ్య గారేమో ‘నాకు పెన్సిలిన్ పడదు, చిన్నప్పుడు చచ్చి బతికాను’ అంటున్నారు. అప్పుడు ఏం జరిగిందంటే గుర్తు లేదంటారు. చేయించమంటారా, వద్దంటారా?

జవాబు: తల్లీ, మన ఇళ్ళలో ‘పడదు’ అనే మాటకు చాకిరీ ఎక్కువ. వంకాయ పడదు, చలిగాలి పడదు, తోడికోడలికి పడదు. ఈ మూడు పడకపోవడాలూ ఒకటి కాదు కదా! మందు పడకపోవడంలోనూ ఇన్ని రకాలున్నాయి. మీ అత్తయ్య గారిది ఏ రకమో తేలకుండా నేను అవునని గానీ కాదని గానీ చెప్పలేను. తేల్చే పనిలో సగం మీరే చేయవచ్చు.

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. 1987లో నేను డెల్టాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. పదేళ్ళ కుర్రాడిని తీసుకొచ్చారు. గొంతు నొప్పి తగ్గిన మూడు వారాలకు కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. గుండె చప్పుడులో తేడా ఉంది. రుమాటిక్ జ్వరం. దానికి బెంజథీన్ పెన్సిలిన్ పన్నెండు లక్షల యూనిట్లు, ఇరవై ఒక్క రోజులకొకసారి, ఏళ్ళ తరబడి. మజ్జిగలా తెల్లగా, చిక్కగా ఉండే మందు. లావు సూదితో తుంటి కండరంలోకి లోతుగా చేయాలి, పొరపాటున కూడా రక్తనాళంలోకి వెళ్ళకూడదు. నొప్పి మామూలుగా ఉండదు. సూది తీసీ తీయగానే కుర్రాడు తెల్లబోయి కిందపడ్డాడు. నాకు చెమటలు పట్టాయి. కేసు చీటీ మీద ఎర్ర సిరాతో ‘పెన్సిలిన్ పడదు’ అని పెద్దక్షరాలతో రాసేశాను.

దాంతో అతనికి రోజూ వేసుకోవాల్సిన ఎరిత్రోమైసిన్ మాత్రలు రాశారు. రోజూ మాత్ర వేసుకునే పిల్లవాడెవరు? పదిహేడో ఏట మళ్ళీ రుమాటిక్ జ్వరంతో వచ్చాడు, ఈసారి గుండె కవాటం బాగా దెబ్బతింది. పాత చీటీ తెప్పించి చూస్తే నా చేతిరాతలోనే ఉంది: నాడి నిమిషానికి 48, ఒంటి మీద దద్దుర్లు లేవు, కాళ్ళు ఎత్తి పడుకోబెడితే ఐదు నిమిషాల్లో లేచి కూర్చున్నాడు. అది అలర్జీ కాదు, సూది భయంతో వచ్చిన సొమ్మ. అసలైన అలర్జీలో నాడి సాధారణంగా పరుగెడుతుంది. నా ఎర్ర సిరా ఏడేళ్ళు ఆ పిల్లవాడికి సరైన మందు అందకుండా చేసింది.

అసలైనదీ చూశాను. దాళ్వా కోతల రోజుల్లో ఒక కూలీకి ఇంజెక్షన్ చేసిన పది నిమిషాల్లో అరచేతులు దురద, పెదవులు ఉబ్బడం, గొంతులో పిల్లికూతలు. తొడ కండరంలో అడ్రినలిన్ చేశాం, బతికాడు. అడ్రినలిన్ పక్కన లేకపోతే బతికేవాడు కాదు.

కాబట్టి అత్తయ్య గారి పుట్టింటి వాళ్ళలో పెద్దలెవరైనా ఉంటే అడగండి. ఇంజెక్షనా, మాత్రా? ఎన్ని నిమిషాలకు, లేదా ఎన్ని రోజులకు? దద్దుర్లు లేచాయా, ఊపిరి ఆడలేదా, లేక వాంతులు, విరేచనాలేనా? తర్వాత ట్రంకుపెట్టెలోని పాత చీటీలన్నీ తీయండి. పన్ను పీకించుకున్నప్పుడో, పుండు పడినప్పుడో అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, ఆంపిక్లాక్స్ లాంటివి రాసి ఉంటాయి. అవన్నీ పెన్సిలిన్ కుటుంబమే. ఆమె అవి వేసుకుని సుఖంగా ఉన్నారంటే సగం చిక్కు విడిపోయినట్టే. ఆ చీటీలు డాక్టరు గారికి చూపించండి.

పెన్సిలిన్ పడదని చెప్పుకునేవారిని పద్ధతిగా పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి అలర్జీ లేదనే తేలుతుంది. నిజంగా ఉన్నవారిలోనూ పదేళ్ళు గడిస్తే ఎక్కువమందికి అది పోతుంది. అలాగని ఇంటి దగ్గర ప్రయోగాలు వద్దు. ఊరి వైద్యుడు ముంజేతి మీద బొబ్బలా పొడిచి చూసే పరీక్ష చాలదు. ఆ చిన్న చుక్కకే వికటించేవారూ ఉంటారు. అడ్రినలిన్, ఆక్సిజన్ ఉన్న ఆస్పత్రిలోనే తేల్చుకోవాలి. అప్పట్లో ఒళ్ళంతా చర్మం ఊడి, నోటినిండా పుళ్ళు పడ్డాయని ఎవరైనా చెబితే మాత్రం ఆ పరీక్ష కూడా వద్దు, జన్మలో పెన్సిలిన్ జోలికి పోకూడదు.

అన్నీ సరిపోయి ఇంజెక్షన్ మొదలుపెడితే, చేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. ఆఖరి పంటు వెళ్ళిపోతుందని రేవుకు పరుగెత్తకండి, పొద్దున్నే వెళ్ళండి. ఒకవేళ నిజంగానే పడదని తేలితే వేరే మందులున్నాయి, గాభరా వద్దు.

ఇంకో మాట. ఆ చలిజ్వరం సాధారణంగా కాలివేళ్ళ సందుల్లోంచి దూరిన బ్యాక్టీరియా పని. రోజూ రెండు పూటలా సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా పాత నూలుగుడ్డతో ఒత్తాలి. ఒరుపు ఉంటే దానికి పూత మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి. ఇది చేయకుండా ఇంజెక్షన్ ఒక్కటే చేయించుకుంటే గండి పూడ్చకుండా నీళ్ళు తోడినట్టే.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేస్తాను. నిన్న రొయ్య ముల్లు అరచేతిలో గుచ్చుకుంది, కొంచెం వాచింది. కిందటేడాది పంటి నొప్పికి రాసిన అమాక్సిసిలిన్ ఆరు మాత్రలు మిగిలాయి. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు నాయనా. ముందు ఆ ఆరు ఎందుకు మిగిలాయో చెప్పు. నొప్పి తగ్గగానే ఆపేశావు, అంతేనా? చాలీచాలని మోతాదు బ్యాక్టీరియాను చంపకుండా దానికి పాఠం నేర్పుతుందని పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1945లో నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. ఎన్ని రోజులు వాడాలో రోగాన్ని బట్టి డాక్టరు చెబుతారు, ఈ రోజుల్లో కొన్నిటికి ఐదు రోజులూ చాలు. కానీ ఆ లెక్క నీదీ నాదీ కాదు. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడు. చీటీ లేకుండా వాడకూడదని ఆ గీత అర్థం. 2016లో కేంద్ర ప్రభుత్వం దాని గురించి ప్రచారం కూడా చేసింది.

అసలు సంగతి వేరే ఉంది. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను కట్టనివ్వవు. అందుకే గోడే లేని వైరస్ మీద, అంటే జలుబు, ఫ్లూ మీద, అవి దండగ. బ్యాక్టీరియాలోనూ అన్నీ వీటికి లొంగవు. ఉప్పునీటి చెరువుల్లో విబ్రియో అనే జాతి ఉంటుంది. గాయంలోకి దూరితే గంటల్లో చెయ్యి పాడుచేయగలదు, దానికి వాడే మందులు వేరు. వాపు పైకి పాకినా, నీలం బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళు. లివర్ జబ్బు, షుగరు, మద్యం అలవాటు ఉంటే వాపు చిన్నదైనా ఆగకు. వెళ్ళగానే ‘చెరువు నీళ్ళలో పని, రొయ్య ముల్లు’ అని మొదటి మాటగా చెప్పు. ఆ మాట చెప్పకపోతే డాక్టరుకు తట్టకపోవచ్చు.

ప్రశ్న: కీళ్ళవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. పంటి డాక్టరు అమాక్సిసిలిన్ రాశారు. రెండూ కలిపి వాడవచ్చా? (అమలాపురం)

జవాబు: పంటి డాక్టరుకు మెథోట్రెక్సేట్ సంగతి చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. మూత్రపిండాలు మెథోట్రెక్సేట్‌ను బయటికి పంపే దారికి పెన్సిలిన్‌లు అడ్డుపడతాయి, అది ఒంట్లో పేరుకుంటుంది. మొదలుపెట్టక ముందే ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి. ఈలోగా వేసుకుని ఉంటే, నోట్లో పుళ్ళు, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారూ ఇలాగే చెప్పాలి.

ప్రశ్న: మా మూడేళ్ళ పాపకు చెవి నొప్పికి అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన పొడి సీసా ఇచ్చారు. నీళ్ళు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. మా ఊళ్ళో కరెంటు కోతలు. పైగా రెండు రోజులుగా పాపకు పల్చటి విరేచనాలు. (పాలకొల్లు దగ్గర)

జవాబు: రోజుకు రెండు మూడు పల్చటి విరేచనాలు ఈ మందుతో మామూలే. అన్నం తినబోయే ముందు పట్టండి, కొంత తగ్గుతుంది. రక్తం పడినా, పాప నీరసించినా, మూత్రం తగ్గినా డాక్టరుకు ఫోను చేయండి. ఇక సీసా. కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకే పోయాలి. మొదట సగం పోసి కుదిపి, తర్వాత మిగతాది. పట్టే ప్రతిసారీ మళ్ళీ కుదపాలి, లేకపోతే మందంతా అడుగునే ఉండి ఆఖరి రోజున పాపకు ఎక్కువ పడుతుంది. కొలత మూతతోనే పట్టండి. మన ఇళ్ళలో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. కోతలప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి. మందు రంగు ముదిరితే పారబోయండి. కోతలు మరీ ఎక్కువైతే నీళ్ళలో కరిగించి పట్టే మాత్రలు రాయమని డాక్టరు గారిని అడగండి, వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. సీసా మీద కలిపిన తేదీ పెన్నుతో రాసిపెట్టుకోండి. సాధారణంగా ఏడు రోజులు, ఆ తర్వాత అడుగున ఎంత మిగిలినా తోటికోడలి పిల్లవాడికి ఇవ్వకండి.