గన్నేరా, క్రేప్ మర్టిలా? డాలస్‌లో కొత్తిల్లు కొన్నవాళ్లకి

సందేహం: ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. బిల్డరు నాటిన నాలుగు పొదలు తప్ప అంతా ఖాళీ. పూజకి పూలుంటాయి, ఫెన్స్ పక్కన తెరలాగా పెరుగుతుంది, గన్నేరు వేద్దామని మా ఆవిడ అంటోంది. వీధంతా ఉన్న, గుత్తులుగా పూసే క్రేప్ మర్టిల్ పొదలే వేద్దామని నేను. మాకు మూడేళ్ల పాప ఉంది. ఏది మంచిది?

మీ ఇద్దరి మధ్యా నన్ను పెట్టారు, సరే. ప్లేనోలో 19 ఏళ్లుగా ఉంటున్నాను. డ్రైవ్‌వే పక్కన క్రేప్ మర్టిల్, వెనక ఫెన్స్ దగ్గర గన్నేరు, రెండూ పెంచాను. మూడేళ్ల పాప ఉందన్నారు కాబట్టి నా ఓటు క్రేప్ మర్టిల్‌కే. మీ ఆవిడకి కోపం రాకుండా కారణాలు చెప్తాను.

ముందు పేర్ల గొడవ. నర్సరీలో గన్నేరుని ఓలియాండర్ అంటారు. వింకా అని ట్రేల్లో అమ్మేది మన బిళ్ళ గన్నేరు, అది వేరే మొక్క. ప్లుమేరియా మన దేవగన్నేరు, చలికాలం కుండీతో సహా గరాజ్‌లోకి మోసుకెళ్లాల్సిందే. మా ఫ్రెండ్ ఒకాయన ఫోటో చూపించకుండా గన్నేరు తెమ్మని వాళ్లబ్బాయిని పంపితే, డజను వింకాలు తెచ్చాడు.

ఇక విషం సంగతి. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నిట్లోనూ గుండె మీద పనిచేసే విషం ఉంటుంది. మన ఊళ్లో ఇది అందరికీ తెలుసు. పశువులు కూడా దాని జోలికి పోవని పెద్దవాళ్లు అనేవారు. అయినా గుడి దగ్గరా ఇంటి ముందూ పెంచుకున్నాం, ఎందుకంటే పిల్లల మీద కన్నేసి ఉంచడానికి ఇంట్లో నలుగురుండేవారు. ఇక్కడ ఇద్దరూ మీటింగ్‌లో ఉంటే పాప బ్యాక్‌యార్డ్‌లో ఒక్కతే. 2016లో మా అమ్మ వచ్చినప్పుడు, గన్నేరు చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు రోజూ గుప్పెడు పూలు కోసి శివుడి పటం దగ్గర పెట్టేది. ఒకరోజు మా చిన్నది పటం కింద కూర్చుని పూరేకులు ఒక్కొక్కటీ పీకి వరసగా పేరుస్తోంది. నోట్లో పెట్టుకుందో లేదో తెలియదు. విషం మింగారని అనుమానమొస్తే సలహా చెప్పే పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాం, వాళ్లు చెప్పినట్టు నోరు తుడిచి చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు, కానీ ఆ రెండు గంటల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఆ నంబరు 1-800-222-1222. గన్నేరు వేసినా వేయకపోయినా ఫ్రిజ్ మీద అంటించుకోండి.

రెండో కారణం చలి. కాలిఫోర్నియా బే ఏరియా నుంచి వచ్చినవాళ్లు "అక్కడ హైవే మధ్యలో మైళ్ల కొద్దీ గన్నేరే కదా" అంటారు. నిజమే, మన టెక్సస్‌లోనే దక్షిణాన సముద్రం ఒడ్డునున్న గాల్వెస్టన్‌కి ఓలియాండర్ సిటీ అనే పేరే ఉంది. 1841లో జమైకా నుంచి తెచ్చిన మొక్కలతో అక్కడ మొదలైందట. ఉప్పుగాలికీ ఎండకీ నీళ్ల ఎద్దడికీ అంత మొండి మొక్క ఇంకోటి లేదు. కానీ మన దగ్గర సంగతి వేరు. 2021 ఫిబ్రవరిలో డాలస్ (డీఎఫ్‌డబ్ల్యూ) ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. తొమ్మిదడుగుల నా గన్నేరు వారం తిరిగేసరికి టీ పొడి రంగుకి మారిపోయింది. ఏప్రిల్ దాకా ఆగి, నేలకి జానెడు ఎత్తులో నరికేశాను. వేరు బతికే ఉంది, వేసవికి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. కానీ మళ్లీ తెరలాగా నిలబడటానికి మూడేళ్లు పట్టింది. అన్నాళ్లూ పక్కింటివాళ్ల గ్రిల్, మా వంటిల్లూ ఎదురెదురుగా. అన్నట్టు, నరికిన కొమ్మలు కాల్చకండి, పొగ కూడా విషమే. చేతికి గ్లవ్స్ వేసుకుని, సంచిలో కట్టి పారేయండి.

క్రేప్ మర్టిల్‌కి ఈ బాధలేవీ లేవు. టెక్సస్ 1997లో దీన్ని రాష్ట్ర పొదగా ప్రకటించుకుంది. మెకిన్నీలో దీని రకాలన్నీ నాటిన పార్కే ఒకటుంది. కొనేముందు జూన్, జులైల్లో ఓ సాయంత్రం వెళ్లి చూసి రండి, ఏ రంగు కావాలో అక్కడే తేలిపోతుంది. ముడతల కాగితం కత్తిరించి గుత్తులు కట్టినట్టుంటాయి పూలు.

దీంతో పడే చిక్కులన్నీ మనం చేసుకునేవే. మొదటిది, ఎత్తు చూడకుండా కొనడం. ట్యాగ్ మీద ఎత్తు రాసుంటుంది, చదవండి. నాచెజ్ అనే తెల్లపూల రకం ఇరవై అడుగులు దాటుతుంది, బెరడు ఊడి లోపల దాల్చినచెక్క రంగు బయటపడితే భలే ఉంటుంది. కానీ దాన్ని కిటికీ కింద, గోడకి మూడడుగుల్లో నాటితే మూడేళ్లకి కిటికీ మూసుకుపోతుంది. గోడకి కనీసం ఎనిమిది, పది అడుగుల దూరం ఇవ్వండి. కిటికీ కిందకైతే మూడు, నాలుగడుగులకి ఆగిపోయే పొట్టి రకాలున్నాయి.

రెండోది, నరకడం. ఫిబ్రవరి వస్తే లాన్ కోసేవాళ్లు తలుపు కొట్టి "క్రేప్ మర్టిల్ కట్ చేయమంటారా" అంటారు. కొత్తలో నేనూ సరేనన్నాను. ఆఫీసు నుంచి వచ్చేసరికి నాలుగు మొండి కాండాలు, పైన పిడికిళ్లలాగా. పైగా డబ్బులిచ్చి చేయించుకున్నాను! ఇక్కడివాళ్లు దీన్ని క్రేప్ మర్డర్ అంటారు. అలా నరికితే సన్నటి కొమ్మలు గుంపుగా వచ్చి, పూల బరువుకి వానలో వంగి నేలకి తగులుతాయి. పూలు కొత్త చిగుళ్లకే వస్తాయి కాబట్టి నరికితేగానీ పూయదనేది అబద్ధం. ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, కాండం అడుగున లేచే పిలకలు తీసేస్తే చాలు.

మూడోది, చచ్చిపోయిందనుకుని పీకేయడం. చుట్టుపక్కల చెట్లన్నీ పచ్చబడ్డాక, ఏప్రిల్లో తీరిగ్గా చిగురిస్తుంది ఇది. అనుమానముంటే గోటితో బెరడు కొంచెం గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు.

పురుగు బెడద ఒకటుంది, బార్క్ స్కేల్ అని, బెరడుకి అంటుకుని రసం పీల్చే చిన్న పురుగు. అమెరికాలో మొదట కనిపించింది మన పక్కనే ఉన్న రిచర్డ్‌సన్‌లో, 2004లో. కాండం మీద తెల్లగా సున్నం చిందినట్టుంటుంది, గోటితో నలిపితే గులాబీ రంగు రసం వస్తుంది. కింద ఆకులూ కారూ జిగురుజిగురుగా అయి నల్లటి మసి పడుతుంది. శీతాకాలంలో గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కాండం కడుగుతాను. ముదిరితే వేరు దగ్గర పోసే మందులున్నాయి, కానీ వాటివల్ల తేనెటీగలకి ముప్పు. అందుకే నేనింతవరకూ వాడలేదు.

మీ ఆవిడకి పూజపూలే ముఖ్యమైతే కుండీలో మందారం పెట్టండి. చలి మొదలుకాగానే లోపలికి తెచ్చుకోవచ్చు. పాప పెద్దదయ్యాక గన్నేరు మీద ఇంకా మనసుంటే, హార్డీ రెడ్ లాంటి చలికి ఓర్చే రకం చూసి వెనక ఫెన్స్ పక్కన వేసుకోండి.

నాటడానికి అక్టోబరు మంచిది, వేసవి వచ్చేలోగా వేరు పట్టుకుంటుంది. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడాలి, లేకపోతే ఆకులే తప్ప పూలుండవు. మనది నల్లరేగడి. తడిస్తే బంక, ఎండితే వేలు పట్టేంత నెర్రెలు. గుంత లోతుగా వద్దు, మొక్క మట్టిగడ్డంత లోతు, దానికి రెండింతలు వెడల్పు. తీసిన మట్టే మళ్లీ వేయండి. మొదటి వేసవి వారానికి రెండుసార్లు, పైపు సన్నగా వదిలి మట్టి పీల్చుకునేదాకా పెట్టండి. స్ప్రింక్లరు పది నిమిషాలు తిరిగితే ఆ నీళ్లు వేరు దాకా వెళ్లవు.

ముందు యార్డ్‌లో ఏది వేయాలన్నా హెచ్‌ఓఏకి (మీ కాలనీ ఇళ్లవాళ్ల సంఘానికి) ఫారం పెట్టి జవాబొచ్చాకే కొనండి. గునపం పట్టేముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగు జెండాలు పాతి వెళ్తారు. అది ఉచితం, కానీ రెండు పనిదినాలు పడుతుంది. శనివారం తవ్వాలనుకుంటే బుధవారం పొద్దున్నే చేసేయండి.