పెండింగ్‌లో ఉన్నా సర్టిఫై చెయ్యడం మానకు

చెల్లీ, నీ ఉత్తరం చదివాను. ఉద్యోగం పోయి ఏడు వారాలు, ఇక్కడ అమెరికాలో పని పోయినవాళ్ళకి వారం వారం ఇచ్చే అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి పెట్టి ఐదు వారాలు అయ్యాయి, ఇంకా పెండింగ్ అనే చూపిస్తోంది, ఫోన్ కలవట్లేదు అన్నావు. అదంతా సరే. "ఎలాగూ డబ్బు రావట్లేదని వారం వారం సర్టిఫై చెయ్యడం మానేశాను" అన్న ముక్క దగ్గర నా గుండె గుభేలుమంది. సర్టిఫై అంటే ఈ వారం కూడా ఉద్యోగం లేదు, వెతుకుతున్నాను అని లేబర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పడమే కదా. ముందు లేచి ఆ పని మొదలుపెట్టు, మిగతాది తర్వాత చదువుదువు గాని.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. 2007 జులైలో ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టే తేదీలు దాదాపు అన్నీ ఒక్కసారి తెరుచుకున్నప్పుడు మావారితో పాటు నా కాగితాలూ వెళ్ళాయి. ఆ ఏడాది చివర్లో ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతికి రాగానే ఒక కన్సల్టెన్సీలో టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. 2009 ఫిబ్రవరిలో ప్రాజెక్టు ఆపేశారు, నన్ను పంపేశారు. ఎడిసన్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు, పన్నెండు వందల డాలర్ల అద్దె, తెనాలికి నెలనెలా పంపే మూడు వందలు, పాపకి డేకేర్. మావారి ఉద్యోగమూ ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు.

అయినా మూడు వారాల పాటు క్లెయిం పెట్టలేదు. సర్కారు దగ్గర చెయ్యి చాపడమేంటి, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు అనుకున్నాను. పైగా గ్రీన్ కార్డుకి దెబ్బ అని ఎవరో భయపెట్టారు. రెండూ తప్పే. ఇది దానం కాదు, మన జీతం మీద కట్టిన బీమా. కంపెనీ కడుతుంది, న్యూజెర్సీలో అయితే మన పే స్టబ్, అంటే జీతం చీటీ, నుంచి కూడా కోస్తారు. సర్కారు మీద ఆధారపడే మనిషని గ్రీన్ కార్డు ఆపే పబ్లిక్ చార్జ్ లెక్కలోకి ఇది రాదు. కానీ క్లెయిం మనం పెట్టిన వారం నుంచే మొదలవుతుంది. అప్పట్లో నాకు వచ్చేది ఆ ఏడాది గరిష్ఠం, వారానికి 584 డాలర్లు. మూడు వారాలకి 1,752. డాలరు యాభై రూపాయలున్న రోజుల్లో అది ఎనభై ఏడు వేల పైమాట. మా నాన్నగారి కంటి ఆపరేషన్‌కి ఆ ఏడాది అప్పు తెచ్చి పంపాను. ఆ లెక్క నేను మరిచిపోలేను.

రెండో తప్పు కాగితంలో చేశాను. ఎక్కడ పనిచేశావు అని అడిగితే కన్సల్టెన్సీ నన్ను పనికి పంపితే రోజూ వెళ్ళే బ్యాంకు పేరు రాశాను. నా జీతం ఇచ్చింది కన్సల్టెన్సీ, ఏడాది జీతం లెక్క చూపే డబ్ల్యూ2 కాగితం మీద ఉన్నది దాని పేరు. బ్యాంకుని అడిగితే ఆ పేరు గలావిడ మా ఉద్యోగి కాదంటారు, న్యాయమే కదా! క్లెయిం అక్కడే ఆగింది. మన తెలుగువాళ్ళలో ఈ తప్పు చేసినవాళ్ళని తర్వాత చాలామందినే చూశాను. నీ పే స్టబ్ తీసి, పైన కంపెనీ పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా చూసుకో. నీ పేరు కూడా. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పుట్టింటి ఇంటిపేరు, జీతం కాగితం మీద అత్తింటి ఇంటిపేరు ఉంటే అదొక చిక్కు.

ఇక మూడోది. క్లెయిం ఆగిన కారణం అడగడానికి ఫోన్ ఇంటర్వ్యూ ఉంటుందని ఉత్తరం వచ్చింది. మామూలు తెల్ల కవరు. మా వంటింటి గట్టు మీద ఇండియన్ షాపు కందిపప్పు సేల్ కాగితాలు, పిజ్జా కూపన్ల కట్ట ఉండేది, దాని కింద పడిపోయింది. నేను దోసెలు పోస్తుంటే ఫోన్ మోగింది. నంబరు కనబడలేదు, కాలింగ్ కార్డులు అమ్మేవాళ్ళనుకుని కట్ చేశాను. రెండు రోజుల తర్వాత కట్ట తీసి పారేస్తుంటే కవరు దొరికింది. తేదీ చూశాను, టైము చూశాను. పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయాను. మళ్ళీ ఇంటర్వ్యూ దొరకడానికి నెల దగ్గర పట్టింది. ఆ నెలంతా, ఇప్పుడు నువ్వు అనుకున్నట్టే, డబ్బే రానప్పుడు సర్టిఫై ఎందుకని ఊరుకున్నాను.

తీరా క్లెయిం పాసయ్యాక, సర్టిఫై చేసిన వారాలకి మొత్తం ఒక్కసారి వచ్చి పడింది. చెయ్యని వారాలకి రాలేదు. ఎందుకు చెయ్యలేదో కారణం చెప్పుకున్నాను, ఒప్పుకోలేదు. నీకు ఒప్పుకోవచ్చు, అడిగి చూడు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకు. న్యూజెర్సీలో ఇది వారానికోసారి చేసే పని. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో ఉన్న మనవాళ్ళకి రెండు వారాలకోసారి.

అప్పటి నుంచి ఒక పొడుగు నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఏ రోజు ఫోన్ చేశాను, ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, ఏ కన్ఫర్మేషన్ నంబరు ఇచ్చారు, ఏ కంపెనీలకి అప్లై చేశాను, అన్నీ అందులో రాసేదాన్ని. ఇప్పటి పిల్లలు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో ఎక్కడో పడేస్తారు, కావలసినప్పుడు దొరకదు. కాగితం మీద రాసుకో. ఆఫీసు తెరిచే నిమిషానికే ఫోన్ చెయ్యి. అయినా కలవకపోతే మీ ఏరియా అసెంబ్లీ మెంబరు ఆఫీసుకి వెళ్ళి క్లెయిం వివరాలు ఇవ్వు. ఆగిపోయిన క్లెయింలు కదిలించడంలో వాళ్ళు సాయం చేస్తారు, దానికి పౌరసత్వం ఉండనక్కర్లేదు. మనవాళ్ళకి ఈ దారి తెలియక ఊరికే ఏడుస్తారు.

నీది భర్త ఉద్యోగ వీసా మీద వచ్చే హెచ్4 ఈఏడీ కాబట్టి ఎక్కడైనా పనిచెయ్యగలవు, నీకు క్లెయిం పెట్టే దారి ఉంది. ఈఏడీ గడువు మాత్రం చూసుకో. హెచ్1బీ, అంటే కంపెనీ పెట్టే ఉద్యోగ వీసా, మీద ఉండి ఉద్యోగం పోయినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి సాధారణంగా ఇది రాదు, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో దేశం వదలడానికో ఉండే అరవై రోజుల గడువే ముందు చూసుకోవాలి. రూల్సన్నీ లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఉన్నాయి, నువ్వే చదువుకోగలవు. క్లెయిం నడుస్తుండగా ఇండియా వెళ్ళకు. తప్పకపోతే, అక్కడున్న వారాలకి పనికి అందుబాటులో లేనని ఉన్నదున్నట్టు చెప్పు, హైదరాబాద్‌లో కూర్చుని లాగిన్ అవ్వకు.

వచ్చాక కూడా డబ్బు జాగ్రత్త. దీనిమీద ఫెడరల్ టాక్స్ ఉంటుంది, న్యూజెర్సీ మాత్రం వెయ్యదు. ముందే పది శాతం కోసుకోమని చెప్పొచ్చు. నేను చెప్పలేదు. 2009కి మొదటి 2,400 డాలర్లకి మినహాయింపు ఇచ్చినా, మరుసటి ఏప్రిల్‌లో చేతి నుంచి కట్టాల్సి వచ్చింది. అద్దె, కరెంటు, కిరాణా ముందు తీసి పక్కన పెట్టు. ఈ నెల ఇంటికి పంపలేనని మీ అమ్మకి చెప్పు. షాద్‌నగర్ ప్లాటు కంతులు ఆపలేనని రాశావు, ఆ ప్లాటు సంగతి నీ భర్తతో కూర్చుని మాట్లాడాల్సిందే.

ఆ ఆగస్టులో నాకు ఉద్యోగం వచ్చింది. నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు శనివారం ఇంటికొస్తే చూపిస్తాను. వచ్చేటప్పుడు పే స్టబ్‌లు, వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన కవర్లన్నీ, తెరవనివి కూడా, పట్టుకురా.