ఫైర్ వాండ్‌ను వదిలేయకు, తల్లీ

ఆమదాలవలస

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అన్న మాట నా మనసులోనే తిరుగుతోంది. "ఫైర్ వాండ్ దండగ పెదనాన్నా, నిప్పు బంతులు ఎటో పోతాయి, పక్కనే ఉన్న గబ్బిలం మాత్రం నన్ను వదలదు" అన్నావు. వాంపైర్ సర్వైవర్స్ అనే ఈ వీడియో గేమ్‌ను కొత్తగా ఆడేవాళ్లు చాలామంది ఇలాగే అనుకుని ఆ ఆయుధాన్ని పక్కన పెడతారు. నువ్వలా చేయకూడదనే ఈ ఉత్తరం. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి మధ్యలో కొంచెం లెక్క వస్తుంది. ఓపికగా చదువు.

ముందు ఆ ఆయుధం స్వభావం తెలుసుకో. తెర మీద ఉన్న శత్రువుల్లో ఎవరో ఒకరిని అది యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. ఆ దిక్కుకు మూడు నిప్పు బంతులు ఒకేసారి వదులుతుంది. నీకు ఎవరు దగ్గరగా ఉన్నారో, ఎవరి వల్ల ప్రమాదం ఉందో దానికి పట్టదు. నువ్వు ఎటు చూస్తున్నావన్నది కూడా పట్టదు. అందుకు బదులుగా దెబ్బ గట్టిగా ఉంటుంది. మ్యాజిక్ వాండ్ అనే మరో ఆయుధం మొదటి లెవెల్‌లో ఒక్కో దెబ్బకు 10 నష్టం చేస్తే ఫైర్ వాండ్ 20 చేస్తుంది. ప్రతి లెవెల్‌కూ మరో 10 కలుస్తూ, 8వ లెవెల్‌కు అది 90 అవుతుంది. బంతుల సంఖ్య మాత్రం లెవెల్‌తో పెరగదు. బంతి తన దారిలో మొదట ఎదురైనవాడికి తగిలి అక్కడే ఆగిపోతుంది. ఈ చివరి సంగతి బాగా గుర్తుపెట్టుకో, నేను చెప్పబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు లెక్క. తెర మీద ముప్పై మంది ఉన్నారనుకో. వాళ్లలో ముగ్గురు నీ మీద పడుతున్నారు, మిగిలిన ఇరవై ఏడుగురూ నాలుగు వైపులా చెల్లాచెదురుగా ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకరిని ఆయుధం ఎంచుకునే అవకాశం పదింట ఒకటి. అంటే దాదాపు తొమ్మిదిసార్లు నిప్పు వేరే దిక్కుకు పోతుంది. నీకు కోపం తెప్పించింది ఇదే. ఇక అదే ముప్పై మందీ నీకు కుడి పక్కన ఒక ముద్దగా ఉన్నారనుకో. అప్పుడు ఆయుధం ఎవరిని ఎంచుకున్నా బంతి కుడివైపుకే పోవాలి. వెనక ఉన్నవాడి కోసం బయలుదేరిన బంతి ముందున్నవాడికి తగులుతుంది, ఆ ముందున్నవాడే నీకు అందరికంటే దగ్గరివాడు. ఆయుధం మారలేదు, దాని గురి మారలేదు. నువ్వు నిలబడిన చోటు మారింది, అంతే. ఫైర్ వాండ్‌తో ఆడటమంటే గుంపును ఒక పక్కకు చేర్చడమే తల్లీ. గురి నీ కాళ్లలో ఉంటుంది.

గుంపును చేర్చడం ఎలా అంటావు. కళింగపట్నం ఒడ్డున అలివి వల లాగడం నువ్వు చూశావు కదా, వలను నీళ్లలో అర్ధచంద్రాకారంలో వేసి, రెండు కొసలనూ ఒడ్డు నుంచి లాగుతూ చేపలను మధ్యకు తెస్తారు. నీ నడక అలా వంపు తిరగాలి. తిన్నగా పరుగెత్తకు. తిన్నగా పోతే వెనకబడినవాళ్లు తెర దాటిపోతారు, ఆట వాళ్లను తెచ్చి మళ్లీ నీ ముందువైపు దింపుతుంది. అప్పుడు రెండు వైపులా శత్రువులే. పెద్ద వలయంలో తిరిగితే నిన్ను వెంబడించేవాళ్లంతా ఒక పక్కన దగ్గరపడతారు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. చచ్చినవాళ్లు వదిలిన రాళ్లు పడినచోటే ఉంటాయి కదా, వలయం తిరిగి అక్కడికి వచ్చినప్పుడు అవన్నీ నీ చేతికి వస్తాయి. లెవెల్ పెరగడానికి ఆ రాళ్లే ఆధారం. ముందుకు పరుగెత్తేవాళ్లు వాటిని వెనకే వదిలేసుకుని, పది నిమిషాలయ్యేసరికి బలహీనపడిపోతారు.

అయితే మొదటి నిమిషాల్లో ఈ ఒక్క ఆయుధాన్నే నమ్ముకోవద్దు. ఒక విడతకూ మరో విడతకూ మధ్య మూడు సెకన్లు పడుతుంది, మీదకు వచ్చినవాడికి ఆ సమయం చాలు. తోడుగా దగ్గరివాళ్లను చూసుకునే ఆయుధం ఒకటి ఉండాలి. నా మొదటి ఎంపిక మ్యాజిక్ వాండ్. అది ఎప్పుడూ నీకు అతి దగ్గరగా ఉన్నవాడినే కొడుతుంది, ఫైర్ వాండ్‌లో ఉన్న లోటు సరిగ్గా అదే. గార్లిక్ అనే ఆయుధం తీసుకున్నా తప్పులేదు, అది నీ చుట్టూ కాపలా ఉంటుంది. మ్యాడ్ ఫారెస్ట్ మ్యాప్‌లో పూల మొక్కలు నీ చుట్టూ కంచె కట్టి దగ్గరికి జరుగుతాయి చూడు, అలాంటి చోట ఫైర్ వాండ్ ఒక్కటే ఉంటే ఏదో ఒక వైపు దారి తెరవడం చాలా కష్టం. బంతులు కంచె అంతటికీ పంచుకుపోతాయి.

మ్యాజిక్ వాండ్‌ను నేను ముందు పెట్టడానికి మరో కారణం ఎంప్టీ టోమ్ అనే తోడు వస్తువు. ఆ పుస్తకం ఒక్కో లెవెల్‌కు ఆయుధాల విరామాన్ని 8 శాతం తగ్గిస్తుంది, ఐదు లెవెల్స్‌కు 40 శాతం. ఫైర్ వాండ్ మూడు సెకన్లు కాస్తా 1.8 అవుతుంది. మ్యాజిక్ వాండ్ 8వ లెవెల్‌కు చేరాక దాన్ని మరింత బలమైన హోలీ వాండ్‌గా మార్చేదీ ఆ పుస్తకమే. ఒక్క గడిలో రెండు పనులు. ఇలాంటి వస్తువులకు ఆరు గడులే ఉన్న ఆటలో ఇంతకంటే మంచి బేరం నాకు కనిపించలేదు. డూప్లికేటర్ అనే వస్తువు నీకు తెరుచుకుని ఉంటే అదీ తీసుకో, అది బంతుల సంఖ్యను పెంచుతుంది. అది తెరుచుకోవాలంటే మ్యాజిక్ వాండ్‌ను ఒకసారి 7వ లెవెల్‌కు తీసుకెళ్లాలి.

స్పినాచ్ అనే వస్తువు మాత్రం తప్పనిసరి. ఒక్కో లెవెల్‌కు అన్ని ఆయుధాల దెబ్బనూ 10 శాతం పెంచుతుంది, ఐదింటికి 50 శాతం. ఫైర్ వాండ్‌ను దాని బలమైన రూపం హెల్‌ఫైర్‌గా మార్చేది అదే. మార్పుకు స్పినాచ్ ఒక్క లెవెల్ ఉన్నా చాలు, ఐదూ నిండాలని ఎదురుచూడకు. ఫైర్ వాండ్ మాత్రం 8వ లెవెల్‌లో ఉండి తీరాలి. గడులన్నీ నిండిపోయినా దిగులుపడకు. మ్యాడ్ ఫారెస్ట్‌లో స్పినాచ్ ఒకటి నేల మీదే పడి ఉంటుంది, అలా దొరికేవాటికి గడి అక్కర్లేదు.

పెట్టెల దగ్గర చాలామంది తొందరపడతారు. పది నిమిషాలు దాటాక వచ్చే బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు, చచ్చినప్పుడు వదిలే పెట్టెల్లోనే ఈ మార్పు దొరుకుతుంది. అలాంటి పెట్టె పడిన సమయానికి నీ ఫైర్ వాండ్ ఇంకా 6లోనో 7లోనో ఉంటే పెట్టెను ముట్టుకోకు. అది ఎక్కడికీ పోదు. ఏ చెట్టు దగ్గర పడిందో గుర్తుపెట్టుకుని దాని చుట్టుపక్కలే తిరుగుతూ రాళ్లు ఏరుకో, 8 చేరగానే వచ్చి తెరువు. హెల్‌ఫైర్ వచ్చాక బంతులు మొదటివాడి దగ్గర ఆగవు, గుంపును చీల్చుకుంటూ పోతాయి. ఇంతసేపూ ఒక పక్కకు చేర్చడం నేర్చుకున్నావు కదా, దాని అసలు ఫలితం అప్పుడు చూస్తావు. అక్కడి నుంచి 30వ నిమిషం దాకా భయం బాగా తగ్గుతుంది. ఆ నిమిషానికి మృత్యువు వస్తుంది, దానితో పోరాడే ఆలోచన ఇప్పుడు వద్దు. అంతదాకా బతికి ఉంటే ఆ మ్యాప్ గెలిచినట్టే.

ఫైర్ వాండ్‌ను 4వ లెవెల్‌కు తీసుకెళ్తే ఆర్కా అనే పాత్ర తెరుచుకుంటుంది. ఆర్కా మొదలయ్యేదే ఈ ఆయుధంతో. పైగా పాత్ర ప్రతి పది లెవెల్స్‌కూ విరామం 5 శాతం తగ్గుతుంది, గరిష్ఠంగా 15. పుస్తకం ఇచ్చే 40తో కలిపి చూస్తే ఎంతవుతుందో నువ్వే లెక్క వేసుకో. నాణేలు చేతిలో ఉంటే ముందు దెబ్బను పెంచే మైట్, విరామాన్ని తగ్గించే కూల్‌డౌన్ కొను. బంతుల సంఖ్యను పెంచే అమౌంట్ ఖరీదైనది, అయినా దాని కోసం కూడబెట్టు. కొన్నవాటిని వెనక్కి ఇచ్చి నాణేలు మళ్లీ తీసుకోవచ్చు కాబట్టి మార్చి మార్చి చూడటానికి వెనుకాడకు.

మీ నాన్న నీకు రోజుకు అరగంట ఆటకు ఒప్పుకున్నాడని విన్నాను. ఒక ఆటకు సరిగ్గా సరిపోతుంది. వచ్చే ఆదివారం విజయనగరం నుంచి రైల్లో వస్తున్నారు కదా, నెల్లిమర్ల దాటాక మొదలుపెట్టినా పొందూరు వచ్చేలోపు అయిపోతుంది. ఏ నిమిషంలో పోయావో, అప్పుడు ఫైర్ వాండ్ ఏ లెవెల్‌లో ఉందో, శత్రువులు ఏ వైపు నుంచి మీద పడ్డారో కాగితం మీద రాసి తీసుకురా. కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెదనాన్న