బుడిపెలో గిన్నె ఎటువైపు ఉంది?

ప్రశ్న: మా వీధి చివరి పాత వేపచెట్టు మే నెల గాలివానకి కూలిపోయింది. ముక్కలు కోసి బండికెత్తుతున్న వాళ్ళని అడిగి, మానుకి ఉన్న ఒక పెద్ద బుడిపెను ఇంటికి తెచ్చుకున్నాను. అడ్డంగా 11 అంగుళాలు, మందం 6 అంగుళాలు ఉంటుంది. అంచున బెరడు అలాగే ఉండేలా గిన్నె చేయాలని కోరిక. చెక్కని గిరగిర తిప్పుతూ ఉలితో చెక్కుకునే చిన్న లేత్ ఉంది, 12 అంగుళాల దాకా తిప్పుతుంది, మామూలు గిన్నెలు నాలుగైదు చేశాను. తెచ్చి నెలన్నర కాలేదు, అప్పుడే కోసిన ముఖం మీద సన్నటి బీటలు కనిపిస్తున్నాయి, ఒకచోట బెరడు కదులుతోంది. ఆరనివ్వాలా, ఇప్పుడే తిప్పాలా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇప్పుడే తిప్పండి సార్. మన బెజవాడ ఎండకి కోసిన ముఖాన్ని ఊరికే వదిలేశారు కాబట్టే బీటలు వచ్చాయి. తెచ్చిన రోజే మైనం కరిగించి ఆ ముఖం నిండా పూసి ఉంటే ఇంత జరిగేది కాదు. సరే, అయిందేదో అయింది. బీటలు పోయేదాకా ఆ వైపు నుంచి పల్చటి చెక్క కోసి తీసేయండి. అర అంగుళం పోయినా ఫర్వాలేదు. ఈ వారం తిప్పడం కుదరకపోతే మాత్రం కొత్త ముఖానికి మైనం పూసి, తడి గోనెసంచి చుట్టి నీడన పెట్టండి.

పచ్చిగా ఉన్నప్పుడే ఎందుకు తిప్పమంటున్నానంటే, మామూలు పలకలో నార ఒకే దిక్కున సాగుతుంది, ఆరినప్పుడు ఎటు వంగుతుందో కొంచెమైనా ఊహించొచ్చు, బుడిపెలో అలా కాదు, చెట్టుకి దెబ్బో పురుగో బూజో తగిలిన చోట మొలకెత్తకుండా ఉండిపోయిన మొగ్గలు గుంపుగా పెరిగి ఆ గడ్డ తయారవుతుంది, నార అన్ని దిక్కులకీ సుడులు తిరిగి ఉంటుంది. మందంగా ఉంచి ఆరబెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి ఆ లాగులాటలో పగులుతుంది. పల్చగా తిప్పేస్తే పగలకుండా ముడతలు పడుతుంది. ఆ ముడతలే దానికి అందం.

ఇక అసలు పని. మీరు ‘ఎటు నుంచి మొదలుపెట్టాలి’ అని అడగలేదు గానీ, నాకు ఉత్తరాలు రాసేవాళ్ళలో చాలామంది బోల్తా పడేది అక్కడే. మానుకి అతుక్కుని ఉన్న చదును ముఖం గిన్నెకి అడుగు అవుతుంది, బయటికి ఉబ్బిన బెరడు వైపు నోరు అవుతుంది. లేత్ మీద పెట్టేటప్పుడు బెరడు వైపు హెడ్‌స్టాక్‌కి (మోటార్ తిప్పే వైపు), చదును ముఖం టెయిల్‌స్టాక్‌కి (ఎదురుగా మొనతో ఆనించి పట్టే వైపు) రావాలి. బెరడు వైపు మధ్యలో రెండంగుళాల మేర బెరడు పూర్తిగా చెక్కేసి లోపలి చెక్క కనిపించేలా చేయండి. లేకపోతే హెడ్‌స్టాక్‌లో చెక్కని పట్టి తిప్పే డ్రైవ్ ముళ్ళు బెరడులో దిగి, మొదటి కోతకే బెరడుతో సహా జారిపోతాయి. ఎలాగూ ఆ భాగం తర్వాత తొలిచి పారేసేదే కాబట్టి గుంట పడినా బాధ లేదు.

ఇప్పుడు మోటార్ ముట్టుకోకండి. చేత్తో తిప్పండి. ముందు మూలలు బెడ్‌కి, అంటే లేత్ అడుగు పట్టీకి, తగలకుండా తిరుగుతున్నాయో లేదో చూడండి, 12 అంగుళాల లేత్‌కి 11 అంగుళాల బుడిపె అంటే ఏ కొమ్ము ఎటు పొడుచుకొచ్చినా తగులుతుంది. తర్వాత ఉలిని ఆనించే టూల్ రెస్ట్ మీద పెన్సిల్ కదలకుండా పట్టుకుని, అంచున ఎత్తుగా ఉన్న చోట్లు ఒక్కొక్కటీ దాని ముందుకి తెచ్చి కొలవండి. ఎదురెదురుగా ఉన్న ఎత్తులు ఒకదానికొకటి సమంగా ఉండాలి, పల్లాలు కూడా అంతే. బుడిపె కాబట్టి కొలత పెట్టినట్టు కుదరదు, మూడు ఎత్తులుండొచ్చు, ఐదుండొచ్చు, కనీసం కంటికి సరిపోవాలి. తేడా ఉంటే టెయిల్‌స్టాక్ మొన వదులు చేసి పావు అంగుళం అటో ఇటో జరిపి మళ్ళీ బిగించి మళ్ళీ తిప్పి చూడండి. ఈ ఒక్క పనికి నేను ముప్పావుగంట పెట్టిన రోజులున్నాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, ‘ఇంకా మిషన్ వేయలేదా’ అని వెళ్ళిపోతుంది. ఇక్కడ తొందరపడితే గిన్నె ఒక చెవి పైకి ఒక చెవి కిందికి వేలాడేసుకుని అలిగినట్టు కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత నునుపు చేసినా ఆ అలక తీరదు.

స్పీడ్ సంగతి. అంగుళాల్లో అడ్డు కొలతని నిమిషానికి చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య ఉండాలని పాతకాలం లెక్క ఒకటుంది. మీ 11 అంగుళాలకి అది దాదాపు 550 నుంచి 800. కానీ ఆ లెక్క గుండ్రంగా అయ్యాక. బుడిపె వంకరగా ఉన్నంతసేపూ 300–400 దాటొద్దు, లేత్ వణికితే ఇంకా తగ్గించండి. ముఖానికి పూర్తి షీల్డ్ పెట్టుకోండి, ఉత్త కళ్ళద్దాలు చాలవు. నిలబడేది బుడిపెకి ఎదురుగా కాదు, పక్కకి. బుడిపెల్లో ఒక్కోచోట బెరడు లోపలికి మడత పడి ఉంటుంది, పైకి సన్న గీతలా కనిపిస్తుంది, అక్కడ చెక్కకి చెక్కకి అతుకే ఉండదు. ఒకసారి చింత బుడిపెలో అలాంటి గీతని నేను చిన్న మచ్చే కదా అనుకున్నాను. లోపల సగం తొలిచేసరికి పావు వంతు ముక్క ఊడి, నా చెవి పక్కగా పోయి, గోడ మీద క్యాలెండర్‌ని చింపేసింది. ఆ నెల తిథులన్నీ పక్కింట్లో చూసుకున్నాం. కాబట్టి స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, లోతుగా దిగితే ఆ భాగం ముందే కోసేయండి, లేదా ఆ బుడిపెను వదిలేయండి. ఇంకోటి, వీధి చెట్టు కదా, బోర్డులు కొట్టిన మేకులు లోపల ఉండిపోతాయి, ఒక అయస్కాంతంతో పైపైన అయినా తడమండి.

బయటి ఆకారం తెచ్చాక, గిన్నెని తిరగేసి లోపల తొలిచేటప్పుడు చక్ (దవడలతో చెక్కని బిగించి పట్టేది) పట్టుకోవడానికి అడుగున బొడ్డు తీయండి. చక్ దవడలు దాదాపు మూసుకున్నప్పుడు ఎంత గుండ్రం వస్తుందో అంత కొలత పెడితే పట్టు గట్టిగా ఉంటుంది. బొడ్డు చివర చక్ లోపలి అడుగుకి తగలకూడదు, దాని భుజం మాత్రమే దవడల మీద ఆనాలి.

ఇప్పుడు మీ బెరడు. ఇక్కడ కొంచెం చెడ్డ వార్త. వేప ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి చిగురేస్తుంది. మే నెలకి బెరడు కింద కొత్త పొర చురుగ్గా పెరుగుతూ, జిగురుగా, మెత్తగా ఉంటుంది. అప్పుడు పడిన చెట్టు బెరడు సులువుగా ఊడుతుంది. చెట్టు నిద్రలో ఉన్న చలికాలంలో కొట్టిన మానుకైతే బాగా అతుక్కుని ఉంటుంది. ఒక్కచోటే కదులుతోందంటున్నారు కాబట్టి ప్రయత్నించొచ్చు. అంచు చుట్టూ ముందు లక్క పాలిష్ ఒక పూత వేసి ఆరనివ్వండి, లేకపోతే తర్వాత వేసే జిగురు చెక్కలోకి ఇంకి మరకలు పడతాయి. తర్వాత లేత్ ఆపేసి, ఫెవీక్విక్ లాంటి నీళ్ళలా పల్చటి జిగురు, బెరడూ చెక్కా కలిసే గీత వెంట చుక్కచుక్కగా చుట్టూ వేయండి, అదే పీల్చుకుంటుంది. మొహం దూరంగా పెట్టండి, ఆవిరికి కళ్ళు మండుతాయి. లోపల తొలిచేకొద్దీ కొత్త గీత బయటపడుతుంది, మధ్యలో ఇంకోసారి వేయాలి.

అంత చేసినా సగం బెరడు ఊడిపోతే నా మాట వినండి, మిగతాది కూడా తీసేయండి. అక్కడింత ఇక్కడింత మిగిలిన బెరడు బొచ్చు ఊడిన కుక్కలా ఉంటుంది. బుడిపెకి బెరడు కింద చిన్న చిన్న మొనలు, గుంటలు ఉంటాయి, వైర్ బ్రష్‌తో మెల్లగా రుద్దితే అవి తేలుతాయి. బెరడు కంటే నాకు అదే ఇష్టం.

లోపల తొలిచేటప్పుడు గిన్నె ఎత్తుపల్లాల అంచు దగ్గర ఉలి కాసేపు గాలిని, కాసేపు చెక్కని కోస్తుంది. చెవికి టకటక వినిపిస్తుంది, కిందికి దిగాక తెంపు లేకుండా సర్రుమంటుంది. ఆ టకటక ఉన్నంతసేపు ఉలిని చెక్క మీదికి అదమకండి, టూల్ రెస్ట్ మీద బిగించి పట్టుకుని, దాని దారిన అది మెల్లగా పోనివ్వండి. కోత ఎప్పుడూ బెరడు వైపు నుంచి చెక్కలోకి పోవాలి, చెక్క లోంచి బెరడులోకి పోతే అది తన్నుకుని లేస్తుంది. తిరుగుతున్న అంచు కంటికి పల్చటి నీడలా కనిపిస్తుంది, వెనక నల్లగుడ్డ వేలాడదీస్తే బాగా తెలుస్తుంది. ఆ నీడలో వేలు పెట్టొద్దు, పెడితే వేలుండదు. అంచు దగ్గర ఒక అంగుళం లోతు ముందు 8 మిల్లీమీటర్ల మందానికి పూర్తిగా తెచ్చేయండి, అప్పుడే కిందికి దిగండి. పచ్చి చెక్క తిప్పుతుండగానే వంగుతుంది, కాబట్టి వదిలేసిన అంచు దగ్గరికి మళ్ళీ ‘కొంచెం సరిచేద్దాం’ అని వెళ్ళొద్దు.

అయ్యాక దాన్ని తూచి, అడుగున పెన్సిల్‌తో తేదీ, బరువు రాసి, దాని పొట్టుతోనే కాగితం సంచిలో పెట్టి ఫ్యాన్ గాలి తగలని చోట ఉంచండి. వారం వారం తూచండి. రెండు వారాలు వరసగా బరువు మారకపోతే ఆరినట్టు. ఎమరీ పేపర్ అప్పుడే, అంచు దగ్గర మాత్రం లేత్ ఆపి చేత్తోనే. వేప పొడి ముక్కుకి మంచిది కాదు, మాస్క్ పెట్టుకోండి.

ప్రశ్న: ఇలాంటి గిన్నెకి ఏటికొప్పాక బొమ్మల్లా లక్క రంగు పట్టించొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అంచుకి కుదరదమ్మా. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. దానికి తెంపు లేని గుండ్రటి ఒళ్ళు కావాలి. ఎత్తుపల్లాల అంచుకి తగిలితే కడ్డీ ముక్కలైపోతుంది. అడుగున, బొడ్డు పైన ఒక పట్టీలా వేసుకోవచ్చు. కానీ బుడిపె సుడుల మీద రంగు పూయడం నాకైతే మనసొప్పదు. అవిసె నూనె పల్చగా రాస్తే సుడులు తేలతాయి. వేరుశనగ నూనె వద్దు, అది ఆరదు, కొన్నాళ్ళకి కమురు వాసన వస్తుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూలన పడేయొద్దు, లోపల వేడి పుట్టి దానంతటదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి.

ప్రశ్న: మా పొలం గట్టు మీది చింతచెట్టుకి కుండంత బుడిపె ఉంది. చెట్టుని ఉంచి అది మాత్రం కోసుకోవచ్చా?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: వద్దండీ. కుండంత బుడిపె తీస్తే బానంత గాయం అవుతుంది, అది పూడదు, అక్కడి నుంచి పుచ్చు పడుతుంది. మొత్తం చెట్టు కొట్టేద్దామంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, అనుమతి తీసుకోవాలి. బుడిపె కావాలంటే కట్టెల అడితికి వెళ్ళండి. నార సుడులు తిరిగి గొడ్డలికి లొంగదు కాబట్టి కట్టెలు చీల్చేవాళ్ళు విసుక్కుని దాన్ని పక్కన పడేస్తారు. పొయ్యిలోకి అని అడగండి, గిన్నెకి అని చెప్పారో ధర పెరుగుతుంది.