తుప్పు పట్టిన మోవర్ డెక్: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

మీరు రాసింది ఇదీ: అమెరికాలో షార్లెట్ ఊరి బయట ముప్పావు ఎకరం ఇల్లు కొన్నారు, పాత ఓనరు 42 అంగుళాల రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోసే బండి) వదిలేసి వెళ్ళాడు, ఇంజన్ బాగానే నడుస్తోంది గానీ కింద డెక్ (బ్లేడుల మీద ఉండే రేకు తొడుగు) అంతా తుప్పు, స్పిండిల్ (బ్లేడుని తిప్పే ఇరుసు) బోల్ట్‌లు కదలట్లేదు. షాపువాళ్ళు డెక్ పనికి 700 డాలర్లు అన్నారు, కొత్తది 2,400, స్టోర్ కార్డు మీద 12 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామంటున్నారు. కూకట్‌పల్లి ఫ్లాట్ ఈఎంఐ పోను మీకు నెలకి 250 మిగులుతోంది.

నేనైతే ఇప్పుడే కొత్తది కొనొద్దంటా, 700 కూడా ఇవ్వొద్దంటా. ముందు బోల్ట్‌లు ఊడదీయండి, డెక్ రేకు ఎంత మిగిలిందో చూడండి, డబ్బు సంగతి ఆ తర్వాత.

ఆ స్టోర్ కార్డు గురించి ముందు చెప్పాలి, నాకు దాంతోనే భయం. అది చాలాసార్లు డిఫర్డ్ ఇంట్రెస్ట్ అయ్యుంటుంది, అంటే 12 నెలల్లో పైసాతో సహా కట్టేస్తేనే వడ్డీ సున్నా, కొంచెం మిగిలినా కొన్న రోజు నుంచి లెక్కేసి మొత్తం వడ్డీ ఒకేసారి వేస్తారు. 30 శాతం రేటు మీద, ఏడాది చివర 300 బాకీ ఉందనుకోండి, దాదాపు 400 డాలర్ల వడ్డీ పడుతుంది. వాళ్ళు బిల్లులో చూపించే మినిమమ్ పేమెంట్ కడుతూ పోతే ఏడాదికి తీరదు, మీరే నెలకి 200 కట్టుకోవాలి. మీకు మిగిలేది 250, ఒక్క నెల కారు రిపేరు వచ్చిందంటే లెక్క తప్పినట్టే.

ఇక పని. స్పార్క్ ప్లగ్ వైరు పీకి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, డెక్‌ని బండి కింద నుంచి బయటికి లాగండి, జాక్ మీద లేపి కింద దూరొద్దు. ఎండిన గడ్డి గోకేసి, బోల్ట్‌లకి వైర్ బ్రష్ కొట్టి, పీబీ బ్లాస్టర్ లాంటి పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి, మర్నాడు మళ్ళీ కొట్టండి. సాకెట్ ఆరు మూలలదే వాడండి, పన్నెండు మూలలదైతే తుప్పు తల గుండ్రంగా అరిగిపోతుంది. విప్పే ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, మళ్ళీ వెనక్కి, ఇలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే తుప్పు పొడి రాలుతుంది. చాలా స్పిండిల్ హౌసింగులు (స్పిండిల్ కూర్చునే గూళ్ళు) అల్యూమినియంవి, బోల్ట్ స్టీలు, రెండూ తడిలో కలిసి పట్టేస్తాయి. టార్చ్‌తో వేడి చేస్తే అల్యూమినియం ఎక్కువ సాగి పట్టు వదులుతుంది, కానీ దానికి ముందు ఆయిల్ పూర్తిగా తుడిచేసి, పెట్రోలు ఉన్న బండికి దూరంగా చెయ్యాలి, బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట అస్సలు పెట్టొద్దు, విషవాయువు వస్తుంది.

బోల్ట్ తల తెగిపోయిందా? బాధపడకండి. బేరింగులు పోయి స్పిండిల్ ఎలాగూ మార్చేదే అయితే, ఆ తెగిన ముక్క పాత హౌసింగ్‌తో పాటే చెత్తలోకి పోతుంది. గ్రైండర్‌తో తల కోసేయడమే చాలాసార్లు చవకైన దారి. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి, కంట్లో రవ్వ పడి ఈఆర్‌కి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) వెళ్తే మిగిల్చిందంతా డిడక్టబుల్‌కే, అంటే ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు మీరు కట్టుకోవాల్సిన వాటాకే పోతుంది. బ్రేకర్ బార్ (బోల్ట్ విప్పే పొడవాటి రాడ్డు), పుల్లర్ (పట్టేసిన భాగాల్ని లాగే పనిముట్టు) లాంటివి కొనక్కర్లేదు, కారు పార్ట్స్ షాపు ఆటోజోన్‌లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు, తిరిగిస్తే డబ్బు వాపస్.

ఊడాక అసలు పరీక్ష. స్పిండిల్ కూర్చునే చోటా, డెక్‌ని వేలాడదీసే బ్రాకెట్ల దగ్గరా సుత్తితో కొట్టండి, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. అక్కడ రేకు చిల్లు పడినా పగిలినా ఆపేయండి, వేగంగా తిరిగే బ్లేడుకి ఆధారం అదే, అక్కడ పెయింటు పనికిరాదు. అప్పుడు వేరే డెక్ షెల్ గానీ కొత్త బండి గానీ, మీకు అప్పటికి ఆయిల్ డబ్బా ఖర్చు తప్ప ఏం పోలేదు. పైపై తుప్పే అయితే వైర్ వీల్, రస్ట్ కన్వర్టర్ (తుప్పుని గట్టి పూతగా మార్చే మందు), ప్రైమర్, పెయింటు.

పార్ట్స్ ఈ పరీక్ష అయ్యాకే, సీటు కింద మోడల్ ప్లేటు ఫోటో తీసుకుని ఆర్డర్ చెయ్యండి. రెండు స్పిండిళ్ళు, బెల్టు, బ్లేడులు, పెయింటు అన్నీ కలిపి 250 దాటనివ్వకండి, ఆఫ్టర్‌మార్కెట్‌వి (వేరే కంపెనీలు చేసే పార్ట్స్) వాడితే సరిపోవచ్చు. కొత్త బోల్ట్‌లకి యాంటీ సీజ్ (పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి, కోత అయ్యాక అడుగున తడి గడ్డి గోకేయండి, డెక్‌ని తినేది అదే.

తర్వాత నెలకి 100 హై యీల్డ్ సేవింగ్స్‌లో (ఎక్కువ వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతాలో) మోవర్ పేరు మీద పక్కన పెట్టండి. రెండేళ్ళకి 2,400, ఇంజన్ ఎప్పుడు ఆగినా నగదుతో కొంటారు, అదీ సీజన్ అయిపోయే అక్టోబర్ ప్రాంతంలో షాపులు ధర తగ్గించినప్పుడు చూసుకుని. డెక్‌లో చిల్లులు కనిపిస్తే ఫోటోలతో మళ్ళీ రాయండి, అప్పుడు సెకండ్ హ్యాండ్ లెక్క వేద్దాం.