పాఠకుల ప్రశ్నలు: చేతుల్లో బలం తగ్గిన పెద్దవారికి ఏ తుపాకీ?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు, ఒంటరిగా ఉంటారు. ఆత్మరక్షణ కోసం తుపాకీ లైసెన్సు వచ్చింది. వేళ్లలో కీళ్లవాతం ఉంది, సీసా మూత తీయడమే కష్టం. చిన్నది, తేలికైనది కొందామనుకుంటున్నాం. రివాల్వరైతే ఏ ఇబ్బందీ ఉండదని అందరూ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ‘చిన్నది, తేలికైనది’ అన్న ఆలోచన మానుకోండి. తూటా అదే అయినప్పుడు, తుపాకీ బరువు తగ్గేకొద్దీ చేతిని తన్నే తన్ను పెరుగుతుంది. రూగర్ ఎల్‌సీపీ లాంటి 270 గ్రాముల జేబు పిస్టల్‌కి పిడి మీద రెండు వేళ్లే ఆనుతాయి. నొప్పి పుట్టించే తుపాకీతో ఎవరూ సాధన చేయరు. ఇంట్లో ఉంచుకునేదైతే 600–700 గ్రాములు ఉండటమే మంచిది.

ఇక రివాల్వర్. నింపడం, ఖాళీ చేయడం తేలికే. చిక్కంతా ట్రిగ్గర్‌తోనే. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లేచి పడే పద్ధతిలో, దాన్ని లాగడానికి సుమారు 4.5 నుంచి 5.5 కిలోల బలం కావాలి, అదీ ఒక్క చూపుడువేలితో. కొనేముందు ఈ పరీక్ష చేయించండి. ఖాళీ రివాల్వర్‌లో డమ్మీ తూటాలు వేసి, సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి, వరసగా ఐదుసార్లు ట్రిగ్గర్ లాగమనండి. మూడోసారికే ముందు సైట్ (గురి చూసే మొన) ఊగిపోతున్నా, రెండు వేళ్లు కలిపి లాగుతున్నా అది ఆమెకు పనికిరాదు. ‘బొటనవేలితో హ్యామర్ ఎత్తి కాలిస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది కదా’ అంటారు. అవుతుంది, కానీ వణికే చేతికి అంత తేలిక ట్రిగ్గర్ ప్రమాదం. కాల్చకుండా ఆ హ్యామర్‌ని నెమ్మదిగా దించడం వాతం పట్టిన బొటనవేలికి ఇంకా ప్రమాదం.

.22 క్యాలిబర్ (తూటా వ్యాసం, అంగుళాల్లో) రివాల్వర్ తన్నదు కదా అని దాని ట్రిగ్గర్ మెత్తగా ఉంటుందనుకోకండి. ఆ తూటా అంచు మీద గట్టిగా కొడితేనే పేలుతుంది కాబట్టి స్ప్రింగ్ ఇంకా బిగువుగా ఉంటుంది. ట్రిగ్గర్ పరీక్ష నెగ్గితే మాత్రం పూర్తి స్టీలు రివాల్వర్‌లో .38 స్పెషల్ 148 గ్రెయిన్ (తూటా బరువు కొలత) వాడ్‌కటర్ తూటాలు వాడండి. తన్ను బాగా తగ్గుతుంది. ముక్కు చదునుగా ఉండటం వల్ల అవి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) జారడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

నెగ్గకపోతే పిస్టల్ చూడండి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: చిన్న క్యాలిబర్ అయితే స్లైడ్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిస్టల్ పైభాగం) లాగడం సులువనుకోవడం. వాల్తర్ పీపీకే లాంటి పాతతరం .380లు బ్లోబ్యాక్ రకం. అంటే పేలుడు ఒత్తిడిని ఆపేది స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువు మాత్రమే. అందుకే అవి చాలా 9 ఎం.ఎం. పిస్టళ్ల కన్నా గట్టిగా ఉంటాయి. చేతుల బలం తక్కువైనవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్. .380 రకం 2018లో, 9 ఎం.ఎం. రకం 2020లో వచ్చాయి. స్లైడ్ మెత్తగా కదులుతుంది. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) పక్కనున్న బొడిపెను కిందికి నొక్కిపెడితే తూటాలు సులువుగా దిగుతాయి, ఎనిమిది పడతాయి. మీ అమ్మగారికి ముందుగా .380 రకమే ఇచ్చి చూడండి.

దీనిలో ఒక మెలిక ఉంది. పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, అరచెయ్యి దాన్ని పూర్తిగా నొక్కకపోతే తుపాకీ పేలదు. పట్టు సడలే చెయ్యికి ఇది పెద్ద విషయం, రెండు చేతులతోనూ విడివిడిగా పరీక్షించండి. వాడిన 9 ఎం.ఎం. ఈజెడ్ కొంటుంటే సీరియల్ నంబర్ కంపెనీ దగ్గర సరిచూసుకోండి. 2020 మార్చి–అక్టోబరు మధ్య తయారైన వాటిని హ్యామర్ లోపం వల్ల వెనక్కి పిలిచారు.

స్లైడ్ లాగే పద్ధతి మారితే సగం కష్టం తీరుతుంది. బొటనవేలు, చూపుడువేలితో గిల్లినట్టు పట్టుకోకూడదు. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చి, గొట్టం సురక్షితమైన వైపే ఉంచి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా, రెండో చేతి నాలుగు వేళ్లతో స్లైడ్‌ని పైనుంచి కప్పి అరచేతికి అదిమిపట్టాలి. తరవాత స్లైడ్‌ని లాగే బదులు, పిడిని కుడిచేత్తో ముందుకు నెట్టాలి. అప్పుడు పని వేళ్లది కాదు, భుజాలది. చివర్లో స్లైడ్‌ని ఒక్కసారిగా వదిలేయాలి. చేత్తో సాగనంపితే తూటా సగంలో ఇరుక్కుంటుంది.

అదీ కుదరకపోతే గొట్టం వెనక భాగం పైకి లేచే రకాలున్నాయి, .32 బెరెట్టా టామ్‌క్యాట్ అలాంటిదే. తూటాని నేరుగా ఛాంబర్‌లో పెట్టి మూసేయవచ్చు. అయితే దానికి ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను ఛాంబర్ నుంచి బయటికి లాగే కొక్కెం) లేదు. తూటా పేలకపోతే గొట్టం లేపి చేత్తో తీయాల్సిందే.

ఏది కొన్నా ఇంట్లో ఉంచబోయే తూటాలతోనే కనీసం 50 కాల్పించండి, చెవులకు రక్షణ పెట్టించి. మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ తొడుగు నిలువుగా చిక్కుకుంటుంది. అది రెండు మూడుసార్లు జరిగితే, శిక్షకుడు పట్టు సరిచేశాక కూడా ఆగకపోతే, ఆ పిస్టల్ ఆమెది కాదు.

ప్రశ్న: నాన్నగారికి ముందు సైట్ మసకగా కనిపిస్తోంది. రెడ్ డాట్ (ఎర్రచుక్కతో గురి చూపే అద్దం) పెట్టించమంటారా?

జవాబు: పెట్టించండి. చూపు లక్ష్యం మీదే ఉంచొచ్చు, దగ్గరి చూపుతో పని ఉండదు. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి చుక్క చెదిరి కనిపిస్తుంది. వెలుగు తగ్గించి, కళ్లద్దాలతో చూశాకే కొనండి.

ప్రశ్న: మామయ్యగారి దగ్గర ఎప్పటినుంచో పిస్టల్ ఉంది. ఈమధ్య పేర్లు, వేళలు మరచిపోతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఇది వాయిదా వేసే విషయం కాదు. మతిమరుపు పెరిగితే రాత్రివేళ ఇంట్లోవాళ్లే ఆయనకు కొత్తవాళ్లుగా కనిపించవచ్చు. తాళం ఆయన దగ్గరే ఉంటే పెట్టె వల్ల ప్రయోజనం లేదు. ఆయన మాట తేటగా ఉన్న రోజునే కూర్చుని, తుపాకీ ఎవరి పేరిట బదిలీ చేయాలో, ఎక్కడ అప్పగించాలో ఆయన చేతనే చెప్పించండి. ఈలోగా తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట, రెండింటి తాళాలూ మీ దగ్గర ఉంచుకోండి. దిగులు, నిరాశ కనిపిస్తున్నా ఇదే చేయండి. డాక్టరుగారికి ఇంట్లో తుపాకీ ఉందన్న సంగతి కూడా చెప్పండి.